నీటిలో డీఎన్ఏ ముక్క ఎలా ఉంటుంది? ఎన్ఎంఆర్ చెప్పే కొలతలు

2023 జూలై 1న ప్రధానమంత్రి మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే జబ్బు) నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించారు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌తో పోలిస్తే షహడోల్ రాష్ట్రం వేరు. కానీ రైల్వే లెక్కలో అది బిలాస్‌పూర్ డివిజన్‌లోని స్టేషనే, కట్నీ లైన్లో వస్తుంది. పదిహేడు రాష్ట్రాల్లో నలభై ఏళ్ల లోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలన్నది ఆ కార్యక్రమం లక్ష్యం. ఆ పదిహేడింటిలో ఛత్తీస్‌గఢ్‌తో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు ఉద్యోగాల కోసం బిలాస్‌పూర్ వచ్చి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. ఆ చుట్టుపక్కల సికిల్ సెల్ పేరు వినని వారు తక్కువ. ఛత్తీస్‌గఢ్‌లో అది ఆదివాసుల జబ్బు మాత్రమే కాదు. కొన్ని వెనకబడిన కులాల్లో, షెడ్యూల్డ్ కులాల్లో కూడా గణనీయంగా ఉంది. బిలాస్‌పూర్‌కు దగ్గర్లోని గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి వైద్యులు ఏళ్ల తరబడి ఈ రోగులకు చికిత్స చేస్తున్నారు.

ఈ వ్యాసం జబ్బు గురించి కాదు. ఆ జబ్బు మీదుగా వెళితే తేలిగ్గా అర్థమయ్యే ఒక ప్రశ్న గురించి. జన్యువులోని ఒక చిన్న ముక్కను ఎంజైములు, మందులు ఎలా గుర్తుపడతాయి? అక్షరాలను బట్టా, ఆకారాన్ని బట్టా? ఆకారాన్ని బట్టి అయితే, కంటికి గానీ మామూలు సూక్ష్మదర్శినికి గానీ అందని ఆ ఆకారాన్ని కొలిచేదెలా?

డీఎన్ఏలో నాలుగు అక్షరాలుంటాయి. ఎ, టి, జి, సి. ఇవి నాలుగు రకాల క్షారాలకు (నత్రజని ఉన్న వలయాకార అణుభాగాలకు) గుర్తులు. రక్తంలోని హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన సూచనలో సగం బీటా గ్లోబిన్ అనే జన్యువులో ఉంటుంది. అందులో ఒకచోట జి-ఎ-జి అని ఉండాలి. సికిల్ సెల్ ఉన్నవారిలో అక్కడ జి-టి-జి అని ఉంటుంది. మారింది ఒక్క అక్షరమే. దానివల్ల ప్రోటీనులో గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలీన్ వచ్చి చేరుతుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు అలాంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. ఎర్ర కణం కొడవలిలా వంగుతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. నొప్పి అక్కడ మొదలవుతుంది.

1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యువెట్ వై కాన్ ప్రయోగశాల ఈ ఒక్క అక్షరం తేడాను నేరుగా డీఎన్ఏలోనే పట్టుకునే పద్ధతి చూపింది. బాక్టీరియాలో కొన్ని కత్తిరింపు ఎంజైములు (డీఎన్ఏలో ఒక నిర్ణీత వరుస కనబడ్డ చోటే కోసే ప్రోటీన్లు) ఉంటాయి. వాటిలో ఎం.ఎస్.టి.2 అనేది సి-సి-టి, తర్వాత ఏదో ఒక అక్షరం, ఆ తర్వాత ఎ-జి-జి ఉన్నచోట కోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న జన్యువులో ఆ చోట సి-సి-టి-జి-ఎ-జి-జి ఉంది. ఎంజైము కోస్తుంది. సికిల్ జన్యువులో ఎ పోయి టి వచ్చింది. ఎంజైము కోయకుండా దాటిపోతుంది. మొదటి సందర్భంలో దాదాపు 1,150 అక్షరాల ముక్క వస్తే, రెండో సందర్భంలో దాదాపు 1,350 అక్షరాల ముక్క వస్తుంది. ముక్క పొడవు చూసి, గర్భంలోని బిడ్డ విషయం కూడా చెప్పవచ్చు. ఇప్పుడు ఊళ్లలో శిబిరాలు పెట్టి చేసే పరీక్ష ఇది కాదు. అక్కడ వేలి రక్తంతో చేసే సాల్యుబిలిటీ పరీక్ష, అనుమానం ఉంటే హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్ష చేస్తారు. కానీ 1982 నాటి ఆ పద్ధతి మన ప్రశ్నను స్పష్టంగా ముందు పెడుతుంది. ఒక్క అక్షరం మారితే ఆ ఎంజైముకు ఎలా తెలిసింది?

ఎంజైము అక్షరాలు చదవదు. అది తడుముతుంది. డీఎన్ఏ జంట పోగుల మధ్య రెండు గాడులుంటాయి, ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు. ప్రోటీను వాటిలోకి తన భాగాలను దూర్చి క్షారాల అంచుల్లోని పరమాణువులను తాకుతుంది. ఇది ఒక దారి. ఇంకో దారి ఆకారం. గాడి ఇక్కడ కాస్త ఇరుకుగా ఉందా? పోగు ఇక్కడ తేలిగ్గా వంగుతుందా? రెండు క్షారాల మధ్య ఎడం ఎక్కువైందా? పాఠ్యపుస్తకంలో మనం చూసే నున్నటి జంట సర్పిలం ఒక సగటు బొమ్మ. పది, పదిన్నర జతలకు ఒక చుట్టు తిరిగే ఆ రూపాన్ని బి రూపం అంటారు. ఆర్ఎన్ఏ పోగులు ఎక్కువగా తీసుకునే పొట్టి, లావు రూపం ఎ. 1979లో స్ఫటికాల్లో ఎడమ వైపు తిరిగే జెడ్ రూపం కూడా కనబడింది. నిజమైన ముక్కలో అక్షరాల వరుసను బట్టి అడుగడుగునా చిన్న చిన్న తేడాలుంటాయి. నా దృష్టిలో ఈ తేడాలే అసలు విషయం. జన్యువు వరుస చదివేశాం కనుక అంతా తెలిసిపోయిందనుకోవడం తొందరపాటు. వరుస తెలియడం సగం పనే.

ఆకారం కొలవడానికి పాత, బలమైన పద్ధతి ఎక్స్-రే స్ఫటిక విశ్లేషణ. దానికి ముందు అణువులను స్ఫటికంగా మార్చాలి. కొన్ని ముక్కలు స్ఫటికం కావు. స్ఫటికమైనా, అందులో పక్కపక్కనే బిగుసుకున్న అణువులు ఒకదాన్నొకటి నెట్టుకుని ఆకారాన్ని కొంత మార్చవచ్చు. కణంలో డీఎన్ఏ ఉండేది నీటిలో, లవణాల మధ్య. అక్కడ అది కదులుతూ ఉంటుంది. నీటిలో ఉన్నదాన్ని నీటిలోనే కొలిచే పద్ధతి ఎన్ఎంఆర్, అంటే న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్ (కేంద్రక అయస్కాంత అనునాదం).

పేరు భయపెట్టనక్కర లేదు. ఇక్కడ న్యూక్లియర్ అంటే పరమాణు కేంద్రకం. రేడియోధార్మికతతో దీనికి సంబంధం లేదు. ఆసుపత్రిలో తీసే ఎంఆర్ఐ స్కాన్ కూడా ఇదే సూత్రం మీద నడుస్తుంది. హైడ్రోజన్ కేంద్రకానికి స్పిన్ అనే గుణం ఉంటుంది. దానివల్ల అది అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితే ఆ కేంద్రకాలు ఒక నిర్ణీత పౌనఃపున్యం ఉన్న రేడియో తరంగాన్ని మాత్రమే గ్రహిస్తాయి. 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ బృందాలు వేర్వేరుగా ఈ సంగతి చూపించాయి. 1952లో వారిద్దరికీ నోబెల్ వచ్చింది. ఆసుపత్రి స్కానర్లో సాధారణంగా 1.5 టెస్లా క్షేత్రం ఉంటుంది. హైడ్రోజన్‌కు అది 64 మెగాహెర్ట్జ్‌తో సమానం. అణువుల ఆకారం చూసే యంత్రాల్లో 500 మెగాహెర్ట్జ్ అంటే 11.7 టెస్లాలు. ఇంత క్షేత్రం కోసం తీగ చుట్టను ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచుతారు. అంత చలిలో ఆ తీగకు విద్యుత్ నిరోధం ఉండదు. ఒకసారి ఎక్కించిన కరెంటు అలా తిరుగుతూనే ఉంటుంది.

అన్ని హైడ్రోజన్లూ ఒకే పౌనఃపున్యం దగ్గర పలికితే ఈ యంత్రంతో రసాయన శాస్త్రానికి పని ఉండేది కాదు. ప్రతి కేంద్రకం చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లు బయటి క్షేత్రాన్ని కొంచెం అడ్డుకుంటాయి. ఆ అడ్డు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అందువల్ల ఒక్కో హైడ్రోజన్ ఒక్కో చోట పలుకుతుంది. దీన్ని కెమికల్ షిఫ్ట్ (రసాయన స్థానభ్రంశం) అంటారు. పది లక్షల వంతుల్లో ఎన్ని వంతుల తేడా అన్న లెక్కలో, అంటే పీపీఎంలో కొలుస్తారు. 1951లో స్టాన్‌ఫర్డ్‌లో ఇథైల్ ఆల్కహాల్ నుంచి మూడు వేర్వేరు సంకేతాలు కనబడ్డ ప్రసిద్ధ ప్రయోగంలో ముగ్గురు రచయితల్లో ఒకరు భారతీయుడు, ఎస్.ఎస్. ధర్మట్టి. ఆయన తర్వాత ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో (టీఐఎఫ్ఆర్) ఎన్ఎంఆర్ పరిశోధనకు పునాది వేశారు. మన కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

ముందు డీఎన్ఏ ముక్క సంకేతాలను ఎలా చదువుతారో చూద్దాం. ప్రయోగానికి జన్యువు మొత్తం అక్కర్లేదు. అది ఈ యంత్రానికి మరీ పెద్దది కూడా. పన్నెండు అక్షరాల ముక్కను రసాయనికంగా తయారు చేస్తారు. మూడు నాలుగు మిల్లీగ్రాములను అర మిల్లీలీటరు నీటిలో కరిగించి, సన్నటి గాజు గొట్టంలో పోస్తారు.

మొదట చూసేది 12 నుంచి 14 పీపీఎం మధ్య భాగం. జి, టి క్షారాల్లో నత్రజనికి అంటుకున్న ఒక హైడ్రోజన్ ఉంటుంది. జత కుదిరితే అది రెండు క్షారాల మధ్య చిక్కుకుని ఇక్కడ పలుకుతుంది. జత విడిపోతే నీటిలోని హైడ్రోజన్లతో చోటు మార్చుకుంటూ సంకేతం మాయమవుతుంది. కాబట్టి ఇక్కడ లెక్కపెడితే ఎన్ని జతలు కుదిరాయో తెలుస్తుంది. గొట్టాన్ని మెల్లగా వేడిచేస్తే ముక్క చివరి జతల సంకేతాలు ముందు పోతాయి, నడిమివి తర్వాత పోతాయి. ఎక్కడ బిగువు ఉందో, ఎక్కడ లేదో అలా బయటపడుతుంది.

రెండోది చక్కెర వలయం. డీఎన్ఏ వెన్నులో ప్రతి అక్షరం దగ్గరా అయిదు పరమాణువుల చక్కెర వలయం ఉంటుంది. అది చదునుగా ఉండదు. ఏదో ఒక పరమాణువు పైకి లేస్తుంది. ఏది లేచిందన్న దాన్ని బట్టి బి రూపమా, ఎ రూపమా అన్నది మారుతుంది. పక్కపక్క హైడ్రోజన్లు ఒకదాని సంకేతాన్ని మరొకటి చీలుస్తాయి. ఆ చీలిక వెడల్పు వాటి మధ్య కోణాన్ని బట్టి ఉంటుంది. వలయంలోని మొదటి, రెండో కార్బన్ల హైడ్రోజన్ల మధ్య చీలిక బి రూపపు చక్కెరలో 10 హెర్ట్జ్ దాకా ఉంటుంది. ఎ రూపపు చక్కెరలో 1 హెర్ట్జ్ దరిదాపుల్లోకి పడిపోతుంది. ఆ వెడల్పు కొలిస్తే వలయం ఎటు ముడుచుకుందో తెలుస్తుంది.

మూడోది అన్నిటికన్నా విలువైనది. దాన్ని న్యూక్లియర్ ఓవర్‌హాసర్ ప్రభావం అంటారు. ఒక హైడ్రోజన్‌ను కదిలిస్తే, దానికి దగ్గరలో ఉన్న హైడ్రోజన్ సంకేతం బలం మారుతుంది. వాటి మధ్య రసాయన బంధం లేకపోయినా సరే, దూరం తక్కువైతే చాలు. ఈ ప్రభావం దూరం పెరిగే కొద్దీ చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే అరవై నాలుగో వంతు అవుతుంది. 5 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు) దాటితే దాదాపు ఏమీ కనబడదు. ఇంత తక్కువ దూరమే చూడగలగడం లోపంలా అనిపిస్తుంది. నిజానికి అదే దీని బలం. సంకేతం వచ్చిందంటే ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయని ఖాయం.

ఒక్కో క్షారంలోని హైడ్రోజన్ తన చక్కెరకూ, తన ముందున్న అక్షరం చక్కెరకూ దగ్గరగా ఉంటుంది. తర్వాతి అక్షరం చక్కెరకు దూరం. బిలాస్‌పూర్ రైల్వే కుటుంబాలకు లైన్ క్లియర్ (రైలు పంపే ముందు పక్క స్టేషన్ అనుమతి తీసుకునే) పద్ధతి తెలుసు. స్టేషన్ మాస్టరు బ్లాక్ పరికరం మీద మాట్లాడేది పక్క స్టేషన్‌తోనే. స్టేషన్ల పేర్లు చెరిపేసి, ఎవరు ఎవరితో మాట్లాడారన్న పుస్తకం మాత్రం మీ చేతికిస్తే, లైను మొత్తం వరుసగా గీసేయగలరు. డీఎన్ఏ సంకేతాలకు పేర్లు పెట్టేది అలాగే. క్షారం నుంచి చక్కెరకు, ఆ చక్కెర నుంచి తర్వాతి క్షారానికి నడుస్తూ పోతారు. ఎక్కడైనా నడక తెగితే, ఆ చోట దూరం అనుకున్నదానికంటే ఎక్కువగా ఉండి ఉండవచ్చు. అంటే ఆకారం అక్కడ మామూలుగా లేదన్నమాట.

పన్నెండు అక్షరాల ముక్కలో ఇలాంటి హైడ్రోజన్లు వందకు పైగా ఉంటాయి. ఒకే గీత మీద వాటి సంకేతాలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. వాటిని విడదీయడానికి రెండు దిశల ఎన్ఎంఆర్ (ఎవరు ఎవరికి దగ్గరో పటంలా పరిచి చూపే పద్ధతి) వచ్చింది. 1971లో బెల్జియం శాస్త్రవేత్త జాన్ జీనర్ ఆ ఆలోచన చెప్పారు. జ్యూరిక్‌లో రిచర్డ్ ఎర్నెస్ట్ దాన్ని సాధనం చేశారు. 1980లో దూరాలను అలా పటంగా చూపే ప్రయోగాన్ని ఎర్నెస్ట్, కుర్ట్ వూత్రిచ్‌లతో కలిసి ప్రకటించినవారు అనిల్ కుమార్, తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో ఎన్ఎంఆర్‌కు పేరు తెచ్చినవారు. ఎర్నెస్ట్‌కు 1991లో, వూత్రిచ్‌కు 2002లో నోబెల్ వచ్చింది. వూత్రిచ్ 1986లో రాసిన పుస్తకం ప్రోటీన్లకు, న్యూక్లియిక్ ఆమ్లాలకు ఈ పద్ధతిని ఎలా వాడాలో చెప్పింది.

అదే కాలంలో ముంబయి టీఐఎఫ్ఆర్‌లో 500 మెగాహెర్ట్జ్ యంత్రం మీద గిర్జేశ్ గోవిల్, ఆర్.వి. హోసూర్, కె.వి.ఆర్. చారి బృందం డీఎన్ఏ ముక్కలను చూడటం మొదలుపెట్టింది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో టాడ్ మైల్స్ ప్రయోగశాల వారితో కలిసి పనిచేసింది. వారు ఎంచుకున్న ముక్కలు ఊరికే ఎంచుకున్నవి కావు. ఒకదాని వరుస జి-ఎ-ఎ-టి-టి-సి రెండుసార్లు. అది ఎకో ఆర్1 అనే కత్తిరింపు ఎంజైము గుర్తుపట్టే వరుస. ఇంకొకటి జి-జి-ఎ-టి-సి-సి రెండుసార్లు, అది బామ్ హెచ్1 గుర్తుపట్టేది. ఆరోగ్యంగా ఉన్న బీటా గ్లోబిన్ జన్యువు దగ్గర ఎం.ఎస్.టి.2 చేసే పనినే ఈ రెండూ వేరే వరుసల దగ్గర చేస్తాయి. ఎంజైము రాకముందు ఆ చోటు నీటిలో ఎలా ఉంటుందన్నది వారి ప్రశ్న.

1987లో బయోకెమిస్ట్రీ పత్రికలో చారి మొదటి రచయితగా ఎకో ఆర్1 ముక్క ఫలితం వచ్చింది. అందులో మూడు సంగతులు ముఖ్యం. ఒకటి, చక్కెర వలయాలు చాలావరకు బి రూపానికీ ఎ రూపానికీ నడిమి స్థితిలో ఉన్నాయి. రెండు, ఎ-ఎ-టి-టి భాగాల్లో క్షారాలు మిగతా చోట్లకంటే చక్కగా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్నాయి. మూడోది అసలైనది. జి, ఎ ల మధ్య, అంటే ఎకో ఆర్1 సరిగ్గా కోసే చోట, పక్కపక్క అక్షరాల హైడ్రోజన్ల మధ్య దూరం మామూలు కుడి చుట్టు డీఎన్ఏలో ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంది. ముక్క నడుమ టి-సి-జి దగ్గర కూడా తేడా కనబడింది. ఇలాంటి సందులే ప్రోటీను గుర్తింపు మొదలయ్యే చోట్లు కావచ్చని వారు సూచించారు.

ఈ సూచనను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. నీటిలో అణువు కదులుతూ ఉంటుంది. ఎన్ఎంఆర్ చూపేది ఆ కదలికల సగటు. చక్కెర వలయం కాసేపు ఒక రూపంలో, కాసేపు మరో రూపంలో ఉంటే, కొలత నడిమి రూపాన్ని చూపవచ్చు. ఆ నడిమి రూపంలో అణువు నిజంగా నిలబడకపోయి ఉండవచ్చు. ఈ విషయం మీద ఆ రంగంలో తర్వాత చాలా పని జరిగింది. మరో వైపు, ఎకో ఆర్1 డీఎన్ఏను పట్టుకుని ఉన్న స్ఫటికాన్ని అమెరికాలో జాన్ రోజెన్‌బర్గ్ బృందం 1980ల నడిమిలోనే చూసింది. అక్కడ ప్రోటీను డీఎన్ఏను నడుమ మెలిపెట్టి, చుట్టును కొంత విప్పి పట్టుకుంది. ఒక పద్ధతి ప్రోటీను రాకముందు స్థితి చెబితే, రెండోది వచ్చాక స్థితి చెప్పింది. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టేయకూడదు. ముంబయి పని విలువ నా మటుకు ఇక్కడే ఉంది. ఎంజైము పట్టుకోవడానికి ముందే ఆ వరుస మిగతా డీఎన్ఏలా లేదని నీటిలో కొలిచి చూపింది. చారి తర్వాత బరంపురంలోని ఐసర్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ, టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థల ప్రాంగణాల్లో ఇప్పుడు ఇలాంటి యంత్రాలున్నాయి. బిలాస్‌పూర్ గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చదివే తెలుగు పిల్లలకు పై చదువులో ఇవి అందనంత దూరం కాదు.

పద్ధతికి పరిమితులున్నాయి. దగ్గర దూరాలే కొలుస్తుంది కనుక, పొడవాటి ముక్క మొత్తంగా ఎంత వంగిందో చెప్పడంలో తడబడేది. ప్రతి మెట్టులో చిన్న పొరపాటు చివరికి పెద్దదవుతుంది. 1990ల నడిమిలో అణువులను క్షేత్రంలో కొద్దిగా ఒక వైపుకు మొగ్గేలా చేసి, బంధాల దిశలనే కొలిచే పద్ధతి వచ్చింది. ఆ లోటు చాలావరకు తీరింది. అణువు పెద్దదైతే సంకేతాలు వెడల్పయి కలిసిపోతాయి. అందుకే నేటికీ ఎక్కువ పని ముక్కల మీదే జరుగుతుంది.

ఇప్పుడు దీని అవసరం పెరగడానికి కారణం ఆర్ఎన్ఏ. ఆర్ఎన్ఏ సాధారణంగా ఒంటి పోగు. తనలో తాను మడుచుకుని ఉబ్బులు, వంకీలు కడుతుంది. కోవిడ్ కాలంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హెరాల్డ్ ష్వాల్బే నాయకత్వంలో పలు దేశాల ప్రయోగశాలలు ఒక్కటై కరోనా వైరస్ ఆర్ఎన్ఏ ముక్కల ఆకారాలను ఎన్ఎంఆర్‌తో పరిశీలించాయి. మందు అణువు ఎక్కడ కూర్చోగలదో వెతకడం అందులో ఒక ఉద్దేశం.

మందు నిజంగా ఆర్ఎన్ఏ ఆకారాన్ని పట్టుకున్న ఉదాహరణ స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ (వెన్నులోని నాడీకణాలు క్షీణించి కండరాలు బలహీనపడే పిల్లల జబ్బు). ఈ పిల్లల్లో ఎస్ఎంఎన్1 జన్యువు పనిచేయదు. దాని జోడు ఎస్ఎంఎన్2 ఉన్నా, దాని ఆర్ఎన్ఏను కత్తిరించి అతికేటప్పుడు ఏడో భాగం ఎక్కువసార్లు జారిపోతుంది. ప్రోటీను సరిగా తయారుకాదు. రిస్డిప్లామ్ అనే మందు ఆ ఏడో భాగాన్ని నిలబెడుతుంది. ఈ తరగతి అణువులు కణాల మీద వేలకొద్దీ రసాయనాలను పరీక్షించి వెతికితే దొరికాయి. ఎందుకు పనిచేస్తాయో తర్వాత తెలిసింది. 2019లో జ్యూరిక్‌లోని ఫ్రెడరిక్ అలెన్ బృందం, రిస్డిప్లామ్‌కు దగ్గరి అణువు ఒకదాన్ని, అది పట్టుకునే ఆర్ఎన్ఏ ముక్కల జంటను ఎన్ఎంఆర్‌లో చూసింది. ఆ జంట మధ్య జత దొరకని ఒక ఎ అక్షరం బయటికి ఉబ్బి ఉంది. మందు అణువు వెడల్పు గాడిలో కూర్చుని ఆ ఎ ను లోపలికి సర్ది నిలబెట్టింది. బలహీనంగా ఉన్న జంట బలపడింది. కణంలోని కత్తిరింపు యంత్రాంగం ఇక ఆ చోటును వదిలేయదు. మారింది అక్షరం కాదు, ఒక్క అక్షరం నిలబడిన తీరు.

అమెరికా 2020లో రిస్డిప్లామ్‌ను ఆమోదించింది. మన దేశంలో రోష్ కంపెనీ మందు సీసా ధర దాదాపు ఆరు లక్షల రూపాయలు ఉండేది. పేటెంట్ వివాదంలో ఢిల్లీ హైకోర్టు స్టే ఇవ్వడానికి నిరాకరించాక, 2025 అక్టోబరులో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా అదే మందును జెనెరిక్‌గా విడుదల చేసింది. విడుదల నాటికి సీసా గరిష్ఠ చిల్లర ధర 15,900 రూపాయలు.